పెళ్లికి అడ్డు లేదన్న కాగితం

రేపు పదకొండు గంటలకు తన పెళ్లనీ, దానికి కావలసిన కాగితం నిన్న సాయంత్రం నుంచి కనిపించడం లేదనీ, నర్సు ఇంకా కూర్చోకుండానే చెప్పేసింది. తొమ్మిది రోజుల్లో ఆమెకు ఈ దేశంలో ఉండే అనుమతి తీరిపోతుంది. ఈలోగా పెళ్లి రిజిస్టరయితే ఈ దేశస్థుడి భార్యగా ఉండిపోవచ్చు. లేదంటే పెట్టె సర్దుకోవడమే.

డిటెక్టివ్ మేడం కుర్చీలోంచి లేవలేదు. ఇరవై ఆరేళ్లుగా పారిపోయిన మొగుళ్లనీ, దాచేసిన వీలునామాలనీ వెతికి వెతికి ఆవిడకు మనుషులంటేనే విసుగు పుట్టింది. ఆవిడ అసిస్టెంటు మాత్రం, నలభై దాటినా, ప్రతి కేసునూ మొదటి కేసులాగే చూస్తాడు. కోర్టులో టైపిస్టు ఉద్యోగం వదిలి ఈవిడ దగ్గర చేరినందుకు భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

“ఏం కాగితం?” అంది మేడం.

“నాకు ఇంతకుముందు పెళ్లి కాలేదని మా దేశం ఇచ్చిన సర్టిఫికెట్టు. మళ్లీ తెప్పించాలంటే రెండు నెలలు పడుతుంది.”

మిగతా వివరాలు అసిస్టెంటు రాసుకున్నాడు. నర్సు ఉండేది అక్క ఇంట్లో. పెళ్లి ఫైలు హాల్లో టీవీ పక్క అరలో ఉంటుంది. నిన్న సాయంత్రం అక్క, బావ, పెళ్లికొడుకు, ఆమె కలిసి భోంచేశారు. ఇంకెవరూ రాలేదు. పెళ్లికొడుకు లిఫ్టు మెకానిక్కు, ఈ దేశం వాడే, మొదటి భార్యతో విడిపోయాడు. బావకు ఈ సంబంధం మొదటినుంచీ ఇష్టం లేదు.

“బావ పనే, సందేహం లేదు,” అన్నాడు అసిస్టెంటు ఆ ఇంటి మెట్లెక్కుతూ. మేడం మోకాలు పట్టుకుని ఆగి, జవాబు చెప్పడానికి కూడా ఓపిక లేనట్టు చూసింది.

బావ సిటీ బస్సు డ్రైవరు. యూనిఫాం కూడా విప్పకుండా సోఫాలో కూలబడి ఉన్నాడు.

“నాకు ఇష్టం లేదని అతని మొహం మీదే చెప్పానండీ. దొంగతనం చేయాల్సిన ఖర్మ నాకేంటి? వీళ్ల పెళ్లి నోటీసు రిజిస్ట్రారు ఆఫీసు బోర్డు మీద ఇరవై ఒక్క రోజులు వేలాడింది. ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చట. ఒక్క ఉత్తరం ముక్క రాసి పడేస్తే విచారణ తేలేదాకా పెళ్లి ఆగిపోయేది. మా ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుందని ఊరుకున్నాను.”

“పీకేదాన్నే,” అంది అక్క వంటింట్లోంచి.

చెల్లెలి పెళ్లి కోసం వారం రోజులు సెలవు పెట్టానని, ఇప్పుడు వాయిదా పడితే ఇంకో సెలవు ఇవ్వరని ఆవిడ గిన్నెలు కడుగుతూనే చెప్పుకొచ్చింది.

మేడం ఫైలు తిరగేసింది. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు నకళ్లు, అనువాదాలు అన్నీ ఉన్నాయి. పైన ఆఫీసు గుమాస్తా ఇచ్చిన జాబితా. పెళ్లికూతురి వరసలో అన్నిటికీ టిక్కులు. పెళ్లికొడుకు వరసలో ఒక్కదానికి లేదు. ‘విడాకుల తుది ఉత్తర్వు’ అన్నదాని ఎదురుగా ‘అసలు ప్రతి పెళ్లిరోజు చూపాలి’ అని రాసి ఉంది. అది ఉద్యోగం చేసే చోట తన లాకర్లో ఉందని అతను చెప్పాడట. అసిస్టెంటు కూడా అది చదివాడు. చదివి పేజీ తిప్పేశాడు.

సాయంత్రం నాలుగింటికి పెళ్లికొడుకును కూడా పిలిపించి, నలుగురినీ హాల్లో కూర్చోబెట్టింది మేడం.

“ఈ పెళ్లి చెడగొట్టాలనుకున్నవాళ్లకు ఇరవై ఒక్క రోజులు తలుపు తెరిచే ఉంది. ఒక్కరూ ఉత్తరం రాయలేదు. అంటే దొంగకు పెళ్లి చెడిపోవడం అక్కర్లేదు, వెనక్కి జరిగితే చాలు. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు రెండు రోజుల్లో మళ్లీ వస్తుంది, దాన్ని వదిలేశాడు. రెండు నెలలు పట్టేదాన్నే తీశాడు. ఈ ఇంట్లో రెండు నెలల గడువు ఎవరికి కావాలి?”

మేడం పెళ్లికొడుకు వైపు తిరిగింది.

“పోయిన కాగితం సంగతి అలా ఉంచు. నీ కాగితం చూపించు నాయనా.”

అతను కోటు లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో పోయిన సర్టిఫికెట్టు ఉంది, నలగను కూడా లేదు.

జడ్జి తీర్పు చదివిన రోజునే విడాకులు వచ్చేసినట్టు అనుకున్నానని చెప్పాడు. తుది ఉత్తర్వు వేరే ఉంటుందని, దానికి ఇంకా ఆరు వారాలు పడుతుందని పెళ్లి తేదీ ఖాయమయ్యాక తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు.

“నేను ఈ దేశం వదిలి వెళ్లాల్సి వస్తుందని తెలుసుగా?” అంది నర్సు.

“తెలుసు. మళ్లీ వస్తావుగా అనుకున్నాను.”

ఆమె ఏడుస్తుందని అసిస్టెంటు అనుకున్నాడు. ఏడవలేదు. పన్నెండు గంటల డ్యూటీ దిగిన మనిషిలా కుర్చీకి చేరగిలబడింది. అక్క వచ్చి పక్కన నిలబడింది. దోషిని పట్టుకున్నాక మేడం మొహంలో కనిపించే వెలుగు కోసం అసిస్టెంటు చూశాడు. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంటోంది.

బావ ఇన్నాళ్లూ ఈ పెళ్లి వద్దన్నవాడు. ఇప్పుడు అతనే లేచి ఫోను తీశాడు.

“టికెట్టు నేను తీస్తానమ్మా,” అన్నాడు మెల్లగా. “రానూ పోనూ కలిపి తీయనా?”

పెళ్లికొడుకు తలెత్తి చూశాడు. ఆమె మాత్రం బావనే చూసింది.

“పోను మాత్రమే, బావా.”