పదో కుండీ

"మీరేనా నా మొక్కని తిప్పింది?"

గ్లాస్‌హౌస్ తలుపు పూర్తిగా తెరవకముందే అతడికి ప్రశ్న ఎదురొచ్చింది.

అడిగింది బొమ్మలమ్మాయి. ఎడారి మొక్కల మీద అతడి పెద్దమ్మ వేయిస్తున్న పుస్తకానికి పది బొమ్మలు గీయడానికి వచ్చింది. పక్క పేజీల్లో కవితలు రాయాల్సింది అతడు. పెద్దమ్మ నర్సరీలో రోజంతా కాక్టస్‌లతోనే కాపురం కాబట్టి ఆవిడే అతడికి ముళ్ళకవి అని పేరు పెట్టింది.

"మీ మొక్క కాదండీ, మా మొక్క. రోజూ పావు వంతు తిప్పుతాను. లేకపోతే ఎండ వైపు ఒరిగిపోతుంది."

"నిన్న ఎడమ వైపున్న పిలక ఇవాళ వెనక్కి పోయింది! నా కళ్ళే పాడయ్యాయనుకుని డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను."

అతడికి నవ్వాగలేదు. ఆమెకి కోపమాగలేదు. చివరికి, గీస్తున్న బొమ్మ పూర్తయ్యేదాకా ఆ కుండీ జోలికి పోనని అతడు ఒప్పుకున్నాడు.

ఆ గొడవ నెల తిరిగేసరికి రెండు కప్పుల టీ దాకా వచ్చింది. ఆమె గీస్తుంటే అతడు రాసేవాడు.

"ఇక్కడ ఏడుపెక్కువైంది. కాక్టస్ ఏడవదు" అనేది ఆమె.

"మీ ముళ్ళు మరీ మెత్తగా ఉన్నాయి. చూస్తే గుచ్చుకోవాలి" అనేవాడు అతడు.

తొమ్మిది బొమ్మలు అయిపోయాయి. పదోది కూడా అయితే ఆమె వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాలి. అది తలుచుకుంటే అతడికి అన్నం సయించడం లేదు. మనసులో మాట చెబుదామంటే నోరు పెగలడం లేదు.

విచిత్రం, ఆ పదో బొమ్మ మాత్రం ఎంతకీ తెమలడం లేదు.

"మళ్ళీ తిప్పారు కదూ?" అంది ఆమె, మూడోసారి.

"ఒట్టు! నేను ముట్టుకోలేదు."

అతడికి పెద్దమ్మ మీద అనుమానం వచ్చింది. వెళ్ళి అడిగితే, "ఆ కుండీ తిప్పే నడుమే నాకుంటే నిన్నెందుకు పెట్టుకుంటానురా?" అని కసిరింది.

మర్నాడు ఉదయం అతడు అరగంట ముందే వచ్చి పొడుగాటి మొక్కల వెనక నక్కాడు. బొమ్మలమ్మాయి వచ్చింది. అటూ ఇటూ చూసింది. రెండు చేతులతో కుండీని పట్టుకుని, శుభ్రంగా పావు వంతు తిప్పింది.

"దొంగ దొరికింది!"

ఆమె ఉలిక్కిపడింది. "అదీ... ఒరిగిపోతుందేమోనని..."

"అబద్ధం."

"అవును, అబద్ధమే! బొమ్మ అయిపోతే నేను వెళ్ళిపోవాలి. మీరేమో కాక్టస్ మీద పేజీలకి పేజీలు రాస్తారు, నాతో ఒక్క ముక్క చెప్పరు. ఎన్నాళ్ళని తిప్పను? చేతులు పడిపోతున్నాయి!"

అతడు జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. వారం కిందట రాసిన పదో కవిత అది. చూపించే ధైర్యం ఇన్నాళ్ళూ చాలలేదు. ఇప్పుడు చదివాడు.

"నీళ్ళు అడగను, నీడ అడగను.
నువ్వు పక్కన కూర్చుంటే చాలు.
ఇన్ని ముళ్ళ మధ్య
ఎలా వచ్చిందో, ఒక మొగ్గ."

"ఇది ఏ మొక్క మీద?" అంది ఆమె మెల్లగా.

"మొక్క మీద కాదు, నా మీదే. ఉద్యోగం మానొద్దు. ప్రతి ఆదివారం నేనే బస్సెక్కి వస్తాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

"పక్కన కూర్చుంటే మీకు చాలేమో. నాకు చాలదు" అంది ఆమె, తడి కళ్ళతో నవ్వుతూ. "మా ఇంట్లో అడగండి."

గుమ్మంలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"మీ అమ్మ నంబర్ ఇవ్వమ్మా, నేను మాట్లాడతాను. వీడికి వదిలేస్తే అక్కడ కూడా కాగితం తీసి చదువుతాడు."