కొంగలాయనతో పేచీ

ఆ మధ్యాహ్నం చిత్తడి నేల గట్టు మీద ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకరు పైపుల ఫ్యాక్టరీ పెద్దాయన. రెండోది ఆయన్ని రెండేళ్ళుగా బతిమాలి, బుజ్జగించి, చివరికి అక్కడిదాకా నడిపించుకొచ్చిన అమ్మాయి. కాస్త ఎడంగా, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని ఇంకో మనిషి.

ఆమె ప్రకృతి సంరక్షణ సంస్థలో పెద్ద విరాళాల విభాగానికి హెడ్. అతను అదే సంస్థలో పక్షుల లెక్కలు చూస్తాడు. చేరి మూడు నెలలే అయింది. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ కొంగలాయనే.

ఆ నేల సొంతదారు దాన్ని ఇళ్ళ స్థలాలకి అమ్మేస్తానంటున్నాడు. సంస్థ కొనుక్కుంటానంటే నలభై రోజులు ఆగుతానన్నాడు. పెద్దాయన చెయ్యి పడితే తప్ప అది జరిగే పని కాదు.

పెద్దాయన నీళ్ళకేసి చూసి, "నేను డబ్బిస్తే వచ్చే ఏడాది ఇక్కడ ఎన్ని పక్షులు దిగుతాయి?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే కొంగలాయన జవాబిచ్చేశాడు. "చెప్పలేమండీ. ఒక్కటీ దిగకపోవచ్చు కూడా."

పెద్దాయన మొహం ముడుచుకుంది. వాచీ చూసుకున్నాడు. బూట్లకంటిన బురద గడ్డికి రాసి, మళ్ళీ మాట్లాడదామని చెప్పి కారెక్కి వెళ్ళిపోయాడు.

జీపులో తిరిగొస్తుంటే ఆమె పావుగంట మాట్లాడలేదు. తర్వాత పావుగంట ఆగలేదు. రెండేళ్ళలో పెద్దాయన ఇంట్లో తాను తాగిన టీలు, వెళ్ళిన మనవల పుట్టినరోజులు, ఓపిగ్గా విన్న ఫ్యాక్టరీ పురాణం అన్నీ ఏకరువు పెట్టింది. అతను గేర్లు మారుస్తూ విన్నాడు.

"అబద్ధం చెప్పమంటారా?"

"చెప్పమనలేదు. నేను మాట్లాడేదాకా ఆగమంటున్నాను."

"మీరేం చెప్పేవారు?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. రెండింతలు దిగుతాయని చెప్పబోయిందామె. ఆ సంగతి అతనికి తెలిసిపోయినట్టుంది. పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలింది. దాంతో ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

వారం గడిచింది. పెద్దాయన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆమెకి ఒకచోట కాలు నిలవలేదు. ఆఫీసులో కుర్చీని కిటికీ దగ్గరికి జరిపింది, మళ్ళీ తలుపు దగ్గరికి జరిపింది. ఒకే ఉత్తరాన్ని నాలుగుసార్లు తిరగరాసింది. కొంగలాయన ఏదో రిపోర్టు వంకతో వచ్చి ఎదురుగా కూర్చుంటే చిరాకు. రాని రోజున ఇంకా చిరాకు. ఒకసారి జోరువానలో వచ్చినవాడు బురద చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఒట్టి కాళ్ళతో లోపలికొచ్చి, కాగితాలిచ్చి వెళ్ళిపోయాడు. నేల మీద ఆ తడి అడుగులు ఆరేదాకా ఆమెకి పని సాగలేదు.

ఆమె ఉండేది అన్నయ్య, వదినలతో. వదిన స్కూల్లో లెక్కల టీచరు. ఏదీ లెక్క తప్పదు. "ఎవరో కొంగలాయన్ని పొద్దుట్నుంచి నాలుగుసార్లు తిట్టావు. మొదట్లో మీ అన్నయ్యని నేనూ ఇలాగే తిట్టేదాన్ని," అంది బీన్స్ తరుగుతూ. ఆమె విననట్టు లేచి, నిండుగా ఉన్న నీళ్ళసీసాని మళ్ళీ నింపడానికి వెళ్ళింది.

ఎనిమిదో రోజున పెద్దాయన ఫోను చేశాడు. మొత్తం తానే ఇస్తాడట. కాకపోతే నేల నడిబొడ్డున తన కుటుంబానికో గెస్ట్ హౌస్ కట్టుకోనివ్వాలట, అక్కడిదాకా కార్లు వెళ్ళే రోడ్డు ఉండాలట. పక్షులు దిగకపోయినా మనవలు దిగుతారు కదా అని తన మాటకి తానే నవ్వుకున్నాడు.

సంస్థ డైరెక్టరు ఎగిరి గంతేసి, వెంటనే ఒప్పుకోమన్నాడు. ఆమే ఒక్కరోజు ఆగమంది. మర్నాడు పొద్దున్నే మ్యాపు చుట్టుకుని కొంగలాయన దగ్గరికి వెళ్ళింది.

అతను మంచనీ చెడనీ అనలేదు. చూద్దాం రండని రెండు గంటలు బురదలో తిప్పాడు. నీళ్ళు పెరిగినప్పుడు గుడ్లు పెట్టుకోవడానికి పక్షులకి మిగిలే ఎత్తయిన చోటు ఆ నడిబొడ్డు ఒక్కటేనని చూపించాడు. ఒకచోట ఆమె కాలు దిగబడితే చెయ్యిచ్చాడు. కాలు పైకొచ్చాక కూడా చెయ్యి వదలాలని ఇద్దరికీ తోచలేదు.

"మీరు సంతకం పెడితే నేను ఆపలేను," అన్నాడతను. "మీరు పడ్డ కష్టం నాకు తెలుసు. కానీ అది కడుతుంటే చూస్తూ ఇక్కడ ఉండలేను. వేరేచోట ఉద్యోగానికి రమ్మంటున్నారు."

ఆమె చెయ్యి లాక్కుంది. "బెదిరిస్తున్నారా?"

"లేదండీ. చెప్పకుండా వెళ్తే బాగుండదని."

ఆ సాయంత్రమే ఆమె పెద్దాయన ఇంటికి వెళ్ళి, నడిబొడ్డున ఇల్లు కుదరదని చెప్పింది.

"కుదరదంటే డబ్బు పోతుందని తెలుసా?"

"తెలుసండీ."

"ఆ బైనాక్యులర్స్ అబ్బాయి నేర్పాడా ఈ మాట?"

"చోటు ఆయన చూపించారు. మాట నాదేనండీ."

పెద్దాయన ఆమెను కాసేపు పరీక్షగా చూసి, ఆలోచిస్తానన్నాడు. డైరెక్టరు ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, అడిగినదాంట్లో సగానికి చెక్కు వచ్చింది. ఏ షరతూ లేదు.

మిగతా సగానికి ఇంకా నాలుగు వారాలే ఉంది. ఆమె ఊరంతా తిరిగింది. పళ్ళ డాక్టరు, లారీ కంపెనీ అన్నదమ్ములు, ఓడ కెప్టెన్ భార్య, ఎవరినీ వదల్లేదు. వెళ్ళిన ప్రతిచోటికీ కొంగలాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. పక్షుల సంగతి ఎవరడిగినా "మీరే చెప్పండి" అని అతనికేసి తిరిగేది. అతను ఉన్నదున్నట్టు చెప్పేవాడు. కొందరు లేదన్నారు. చాలామంది ఇచ్చారు. దారిలో ఇద్దరూ ప్రపంచంలో ఉన్నవన్నీ మాట్లాడుకున్నారు, అతను వెళ్ళిపోయే ఉద్యోగం గురించి తప్ప. అడిగితే తేదీ చెప్పేస్తాడని ఆమె భయం. ఇంటికొచ్చి మాత్రం వదిన ఎదుట, గదిలో అటూ ఇటూ పచార్లు చేసేది.

గడువుకి ఒక్కరోజు ముందు రిజిస్ట్రేషన్ అయింది. సంతకాలయ్యి ఇద్దరూ బయటికొచ్చేసరికి వాన అందుకుంది. ఆఫీసు మెట్ల పైన చూరు కింద నిలబడ్డారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఎంతెంత మొత్తాలో అడిగిన మనిషికి, పక్కనున్న మనిషిని ఒక్క ముక్క అడగడానికి నోరు పెగల్లేదు. చివరికి, వానకేసి చూస్తూ అడిగింది.

"ఆ ఉద్యోగంలో ఎప్పుడు చేరాలి?"

"ఏ ఉద్యోగం? రానని రాసి నెలవుతోంది."

"ఇల్లు కట్టడం లేదని తెలిశాకా?"

"తెలియకముందే. ఆ రోజు మీరు చెయ్యి లాక్కుని వెళ్ళిపోయాక, నేను వెళ్ళగలనేమోనని ఒక గంట ప్రయత్నించాను. కుదరలేదు. మీరు సంతకం పెట్టినా ఉండేవాణ్ణే. రోజూ మీతో పోట్లాడుతూ ఉండేవాణ్ణి."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

నెలరోజుల పచార్లూ గుర్తొచ్చి ఆమెకి కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆ నవ్వు చూస్తూ అతను చెప్పాల్సిన తర్వాతి మాట మర్చిపోయాడు.

"మా వదిన ఆదివారం మిమ్మల్ని తీసుకురమ్మంది. చూస్తుందట," అంది ఆమె.

అతను తన ఒంటికేసి చూసుకున్నాడు. "నా చొక్కాలన్నిటికీ బురద మరకలేనండీ."

"అలాగే రండి. మీరు నాకు నచ్చింది ఆ చొక్కాల్లోనే."

అతను ఆమె చెయ్యి అందుకున్నాడు. వాన జోరు పెరిగింది. తగ్గేదాకా ఆగుదామన్నాడు. ఆగుదామంది. ఆమె సంచిలో గొడుగు ఉంది. ఆ సంగతి ఆమె చెప్పలేదు.