తడి తువ్వాల మూట

విడవలూరు దాటి సముద్రం వైపు పోయే కాలవగట్టు మీద ఒక మలుపుంది. పొద్దుగూకితే అటు బండి తోలేవాడు లేడు. నీళ్ళ వంతు దగ్గర తగువొచ్చి, ఒక తమ్ముడు సొంత అన్న తల నరికి, పైపంచెలో మూటగట్టి, తెల్లారేదాకా ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడట! వాణ్ణి ఉరితీశారు. అయినా చీకటి పడితే ఒళ్ళో మూటతో ఎవరో కూర్చుంటారని... ఆ మూట కారుతూనే ఉంటుందని చెప్పేవాళ్ళు.

ఇది నాకు చెప్పింది ఆనందబాబు. అరవై ఒకటిలో అతను ఊరూరా వైద్యానికి తిరిగే మందుబండి డ్రైవరు. వాళ్ళక్క రెబెక్కమ్మ అందులోనే నర్సు. పడక, స్టవ్వు, కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్జి — బండే వాళ్ళ కొంప.

ఆ సాయంత్రం ఫ్రిజ్జిలో ఉన్నవి కంఠసర్పి మందు సీసాలు నాలుగే. సముద్రపొడ్డు ఊళ్ళో ఒక పిల్లకి గొంతు మూసుకుపోతోందని కబురు. మే నెల. చల్లదనం పోతే ఆ మందు నీళ్ళతో సమానం.

చీకటి పడ్డాక, సరిగ్గా ఆ మలుపులో బండి గుంటలో పడి ఒక పక్కకి ఒరిగి లేచింది. ఫ్రిజ్జి కింద దీపం భగ్గుమని మండి ఆరిపోయింది. బండంతా పొగ.

రెబెక్కమ్మ సీసాలు తువ్వాల్లో చుట్టి, కాలవలో ముంచి, ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"ఫ్రిజ్జిని వదిలెయ్‌రా... పోదాం."

"పది నిమిషాలక్కా. తలకిందులు చేసి లేపితే మళ్ళా పనిచేస్తాది."

అక్కడే చెడ్డానంటాడు ఆనందబాబు. పనివాడినన్న పొగరు మరి!

ఫ్రిజ్జిని బోర్లా తిప్పాడు. లోపల గుడగుడమని చప్పుడు — గొంతు కోసినట్టు.

"చచ్చినట్టుండాదే!" అని అరిచాడు లోపల్నించి.

గట్టు మీద అడుగులు... పరుగు... ఠక్కున ఆగిపోయాయి.

"మూట..." అని ఎవరో గొణిగారు.

ఆనందబాబు జాకీ రాడ్డుతో బయటికి దూకాడు. దూకీ దూకగానే నెత్తిన కర్ర పడింది. కళ్ళలోకి నెత్తురు. దెయ్యమే అనుకుని రాడ్డు ఝాడించి కొట్టాడు. ఎముక ఫెళ్ళుమంది. ఆ మనిషి పడలేదు! ఒక చెయ్యి వేలాడుతుంటే రెండో చేత్తో కర్ర ఎత్తాడు.

"దారి వదలండి! నేను పోవాల!"

రెబెక్కమ్మ ఒళ్ళో మూట మీద కొట్టాడు. ఆమె చేతులు అడ్డం పెట్టింది. వేళ్ళు విరిగాయి. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ —

గాజు పగిలిన చప్పుడు.

తలకాయ అలా పగలదు కదా! ఆ మనిషి కర్ర వదిలేశాడు. ఆనందబాబు టార్చి వేశాడు. ఎదురుగా చెమటతో తడిసిన ఒక రైతు.

"మీరు... మనుషులేనా?" అన్నాడు.

"ఎవరయ్యా నువ్వు?" అంది రెబెక్కమ్మ.

"పద్మనాభయ్యనమ్మా. మా పాప సామ్రాజ్యానికి కంఠసర్పి. నాలుగేళ్ళ బిడ్డ. బండి ఇంకా రాలేదని ఎదురొచ్చినా..." టార్చి వెలుగు వ్యాను మీద పడింది. అతని మొహం విప్పారింది. "మందుబండి మీదేనా తల్లీ? మందు తెచ్చినారా?"

"తెచ్చినామయ్యా," అంది రెబెక్కమ్మ, విరిగిన వేళ్ళతో ఆ తడి తువ్వాలు విప్పుతూ.