మీట మీద కారం

పోయిన వస్తువుకు బరువు లేదు. తలుపు పగల్లేదు. తాళం విరగలేదు.

"మరి పోయిందేమిటండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ అనంతపద్మనాభం, తుమ్మి.

"ప్రోగ్రామండీ. ఏ రైతు మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, ఏ గదిలో ఉన్నాయో కంప్యూటర్లో అదే చెబుతుంది," అన్నాడు కోల్డ్ స్టోరేజ్ యజమాని లక్ష్మీనరసింహం.

1988 ఏప్రిల్. గుంటూరు. ఉదయం పదింపావు. బయట లారీలు ఆగకుండా హారన్లు కొడుతున్నాయి. లోపల గదుల నిండా మిర్చి. ఏది ఎవరిదో తెలియక హమాలీలు బీడీలు కాలుస్తున్నారు.

"దొంగ ఎదురుగానే ఉంది. ఆ ఏడుపు చూడండి. ఉద్యోగం నేను పీకేశా, కేసు మీరు రాయండి."

ఆపరేటర్ జయకుమారి స్టూలు మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి.

"నేను ఏడవట్లేదండి. మండుతున్నాయి."

"తప్పు చేస్తే మండవూ?" అన్నాడు యజమాని.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కున్నాడు.

"ఎన్నింటికి వచ్చారు?"

"తొమ్మిదికండి."

"తాళంచెవులు?"

"నా దగ్గరొకటి. అయ్యగారి దగ్గరొకటి."

"వచ్చి?"

"స్విచ్ వేసి, ఏమేం ఉన్నాయో చూద్దామని డి, ఐ, ఆర్ కొట్టాను. ఏమీ లేవు. ఏసీలో కూడా చెమట పట్టింది. ముఖం తుడుచుకున్నాను. అప్పట్నుంచీ ఇదే మంట."

"కారం ముట్టుకున్నారా?"

"లేదండి. ఇవాళ ఇడ్లీలోకి కూడా పంచదారే."

హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు కరీముల్లా గొంతు సవరించుకున్నాడు.

"నిన్న పాత సిస్టమ్ తీసేసి డాస్ అనే కొత్తది ఎక్కించాను సార్. పాత ప్రోగ్రాములు కొన్ని డిస్కులో ఉండిపోయాయి. డాస్‌లో నడవవు, జాగా మాత్రం తింటాయి. వీళ్లిద్దరి ముందే కొన్ని తీసేశాను. మిగతావి ఇవాళ తీస్తానన్నాను."

"ఇవాళ ఎప్పుడొచ్చారు?"

"లాడ్జి నుంచి మీ వెనకే. ఈ ఊళ్లో గాలికే తుమ్ములు సార్."

ఇన్‌స్పెక్టర్ యజమాని వైపు తిరిగాడు. "మీరు?"

"నేనా? ఈవిడ వచ్చి చెప్పేదాకా ఇవాళ ఈ గదిలోకే రాలేదండీ."

ఇన్‌స్పెక్టర్ కాసేపు జయకుమారి కళ్లనే చూశాడు. తర్వాత లేచి కీబోర్డు ముందు వంగాడు. ఒక వేలితో జి మీట తుడిచి నాలుక మీద పెట్టుకున్నాడు. చప్పగా ఉంది. ఇంకో వేలితో డి మీట తుడిచాడు. పెదవి చురుక్కుమంది. ఈ, ఎల్ కూడా అంతే. వై మీట దగ్గరికొచ్చేసరికి మంచినీళ్లు అడిగాడు.

"డి, ఈ, ఎల్ అంటే?"

"తీసెయ్యమని సార్," అన్నాడు కరీముల్లా.

"వై?"

"ఒక్కొక్కటే తీస్తే యంత్రం ఏమీ అడగదు. మొత్తం తుడిచెయ్యమంటేనే, నిజమేనా అని అడుగుతుంది. అవునంటే వై."

"లక్ష్మీనరసింహంగారూ, పొద్దున మిర్చి యార్డులో సరుకు చూశారా?"

"చూడకపోతే ఎట్లా? కాయ విరిచి, గింజ నలిపితేగానీ నేను ధర..."

ఆగిపోయాడు. బయట హారన్ ఆగలేదు.

"మీ వేళ్లకు కారం అలవాటు. ఆవిడ కళ్లకు కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ కన్నీళ్లు చూసి మీరు దొంగ అన్నారు. నేను అవి ఎక్కణ్నుంచి వచ్చాయా అనుకున్నాను."

యజమాని గొంతు తగ్గింది. "తాలుకాయ ఏరకుండా వదిలేస్తే టిక్కీ మొత్తం చెడుతుందండీ. ఆ పాత ప్రోగ్రాములూ అంతేననుకుని రాత్రి నిద్ర పట్టలేదు. ఎనిమిదిన్నరకు వచ్చి ఆయన కొట్టినట్టే కొట్టాను. ఏదో అడిగింది. మర్యాదగా అవునన్నాను."

"నేను కొట్టింది డిస్కులో పాతవి ఉన్న అరలో సార్. మీరు కొట్టింది కొత్త అరలో," అన్నాడు కరీముల్లా. వెంటనే జయకుమారి వైపు తిరిగాడు. "తర్వాత దాని మీద ఇంకేమన్నా ఎక్కించారా?"

"అయ్యగారు ఎక్కించమని అరిచారు. నేను మీట ముట్టుకోలేదండి."

"అయితే ఎక్కడికీ పోలేదు. చెరిపినప్పుడు పేరులో మొదటి అక్షరమే పోతుంది. పేర్లు గుర్తున్నాయా?"

"అన్నీ."

అతను సంచిలోంచి, చెరిపినవాటిని తిరిగి తెచ్చే ఫ్లాపీ తీసి పెట్టాడు. జయకుమారి కీబోర్డు మీద చేతిరుమాలు పరిచి, దాని మీంచే ఒక్కో అక్షరం నొక్కింది. ఒక్కో పేరూ తెర మీదికి తిరిగొచ్చింది. మూడో గది, ఏడో వరస అని ఆమె కేకేసింది. హమాలీలు బీడీలు పారేశారు.

"కేసు వద్దులెండి," అన్నాడు యజమాని.

"ఫిర్యాదు రాసేశాను. దొంగ పేరే ఖాళీగా ఉంది. నింపమంటారా?"

లక్ష్మీనరసింహం కళ్లజోడు తీశాడు. "రేపట్నుంచి మామూలుగానే రా అమ్మాయ్," అంటూ అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మరుక్షణం కెవ్వుమన్నాడు.

జయకుమారి నీళ్ల గ్లాసు అందించింది.

"తప్పు చేస్తే మండవూ మరి, అయ్యగారూ."