మంద వెనక వచ్చేది

ధర్మవరంలో ఆ పాత మగ్గాలిల్లు ఉన్న సందులో చీకటి పడ్డాక ఎవరూ నడవరు. తాళం పడి చాలా ఏళ్ళయింది. అయినా లోపల ఎవరో మంచు మీద నడుస్తున్నట్టు కరకరమని చప్పుడట. ధర్మవరంలో మంచు చూసినోళ్ళు ఎవరబ్బా అని మాత్రం ఎవరూ అడగరు.

ఆ మంచును ఊళ్ళోకి తెచ్చింది రామాంజినమ్మే అని గొణిగేవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు ఆ ఇంట్లో చీరలు నేస్తూ, పిల్లలు మగ్గం గుంతలో దిగి దారాలు చిక్కు చేయకుండా మంచుసీమ కథలు చెప్పేది. రైలు కూడా పోలేనంత ఉత్తరాన ఉండే దేశమది. కొమ్ముల మధ్య పిట్టగూళ్ళు మోసుకు తిరిగే దుప్పులు, చలికి ఒకదాని తోక ఒకటి కప్పుకునే నక్కలు, తెల్ల ఎలుగులు... వాటన్నిటికీ వెనక, మంద చివరన, ఇంకొకటి. పేరు పెట్టి పిలిస్తే ఎంత దూరం నుంచైనా వస్తుంది.

ఇప్పుడు మనవరాలు మంజులత ఆ మంచుసీమనంతా చీర కొంగులో నేస్తోంది. అన్నీ అయ్యాయి, చివరిదొక్కటే మిగిలింది. దాని పేరేమవ్వా అని అడిగింది. అవ్వ నోరు తెరిచింది...

పేరు రాలేదు.

నవ్వేసి ఊరుకుంది గానీ గుండెలో రాయి పడింది. పొయ్యి మీద పాలు మరిచింది, సరే. చెప్పులు ఎవరింట్లోనో వదిలేసి వచ్చింది, అదీ సరే. మంచుసీమ తాను కట్టుకున్న దేశం. అది కూడా పోతే ఇక తనలో మిగిలేదేమి?

కథ పుట్టిన చోటే పేరు దొరుకుతుందేమోనని, ఆ రాత్రి అందరూ టీవీ ముందు కూర్చున్నప్పుడు మగ్గాలింటి పాత తాళంచెవి కొంగున ముడేసుకుని బయలుదేరింది.

తలుపు తీసింది. చీకటి... పాత పట్టు వాసన.

కర్... కర్...

మూలన రెండు కళ్ళు పచ్చగా వెలిగాయి. తెల్లటి ఒళ్ళు — గడ్డం —

"పేరు మరిచిపోయినా నాయనా," అంది గుసగుసగా. "కోపం తెచ్చుకోవద్దు."

అది ఇంకో అడుగు వేసింది. కర్...

వెనక నుంచి టార్చి వెలుగు పడింది. అవ్వ కనబడక వెతుక్కుంటూ వచ్చిన మంజులత.

"ఏమవ్వా, పక్కింటి ఆదెప్ప మేకతో ఏం మాట్లాడతాండావు?"

వెనక గోడ కూలి ఉంది. ఎవరో గదినిండా శెనక్కాయల పొట్టు పోసిపెట్టారు. సందునంతా ఇన్నాళ్ళూ వణికించిన మంచు ఇదే. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

మేక మెడకు తాడు కట్టి, తలుపుకు తాళమేసి, సందులోకి వచ్చారు. మేక ఒక పట్టాన కదలదు. అవ్వ దాని వీపు నిమిరింది.

"నిదానంగానే పోదాం లేప్పా... నిదానప్పా..."

అని, ఆగిపోయింది.

"నిదానప్ప," అంది మళ్ళీ. "వాని పేరు నిదానప్ప. మందలో అన్నిటికంటే వెనక నడుస్తాడు. పేరు పెట్టి పిలిస్తే..."

మంజులత అవ్వ చేయి గట్టిగా పట్టుకుంది. మేక చెవులు నిక్కబొడుచుకుని వెనక్కి చూసింది.

తాళమేసిన ఇంట్లో, పొట్టు మీద ఏదో లేచింది. కర్...

చాలాసేపు ఏమీ లేదు.

మళ్ళీ, తొందరేమీ లేకుండా... కర్...