కణదీపం చూపిన నాలుగు

"కదలకండి" అన్నారు డాక్టర్ మాండవి.

రూపాయి బిళ్ళంత పట్టీని నాగశిరీష ఎడమ చంక కింద అతికించి బొటనవేలితో మెల్లగా అదిమారు. పట్టీలోంచి పచ్చటి వెలుగొచ్చింది. గోడ మీది తెర కాసేపు ఖాళీగా ఉండి, తర్వాత ఒకే ఒక్క అంకె చూపించింది. నాలుగు.

"నాలుగంటే ఏంటండీ? మంచిదా, చెడ్డదా?"

"చాలా మంచిది."

ఒంట్లో ఏ కణమైనా రెండుగా చీలడానికి సిద్ధమైతే దానిలో కేఐ-67 అనే ప్రోటీన్ పుడుతుంది. ఊరికే కూర్చున్న కణంలో అది కనిపించదు. ఇదివరకు సూదితో గడ్డలోంచి ముక్క తీసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టేవారు. ముక్క తీసిన రోజు సంగతే తెలిసేది, మర్నాటి సంగతి తెలిసేది కాదు. మాండవి తయారుచేసిన కణదీపం అలా కాదు. ఇంజెక్షన్‌తో ఎక్కించిన మార్కర్ ఆ ప్రోటీన్‌ని పట్టుకుని వెలుగుతుంది. పట్టీ ఆ వెలుగును చర్మం మీంచే చదివి, గడ్డలో నూటికి ఎన్ని కణాలు పెరిగే పనిలో ఉన్నాయో ఎప్పటికప్పుడు చెబుతుంది.

"మీ గడ్డలో నూటికి తొంభై ఆరు నిద్రపోతున్నాయి. కోయక్కర్లేదు, మందులక్కర్లేదు. కనిపెట్టి ఉంటే చాలు" అంటూ ఆవిడ వాచీలాంటి చిన్న తెర ఒకటి శిరీష చేతికి కట్టారు. "అంకె ఇందులో కనిపిస్తూ ఉంటుంది. మీ ఒంటి సంగతి మీకు తెలియకుండా మేం దాచుకోవడం నాకు నచ్చదు."

బయట బెంచీ మీద షాహీన్ కూర్చుని ఉంది. ఇద్దరూ బెజవాడ ఏలూరు కాలువలో నీటిబస్సులు నడుపుతారు. ఏటా చేయించే పరీక్షల్లో ఇద్దరికీ రొమ్ములో గడ్డ ఉందని ఒకేసారి తేలింది.

"నాది అరవై రెండట అక్కా" అంది షాహీన్.

శిరీష ఆమెను దగ్గరకు తీసుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, తనకి ఆ అంకె రానందుకు లోపల కలిగిన సంతోషానికి సిగ్గుపడింది.

కానీ కీమో మందులు దెబ్బకొట్టేది ముఖ్యంగా చీలుతున్న కణాలనే. షాహీన్ గడ్డ ఎంత జోరుగా పెరుగుతోందో, మందుకి అంత త్వరగా కరిగింది. అందరికీ అలా జరగదని డాక్టర్ గారు ముందే చెప్పారు గానీ షాహీన్‌కి జరిగింది. జుట్టు రాలింది, నోరు పుళ్ళు పడింది, మనిషి సగమైంది. చివర్లో చిన్న ఆపరేషన్ చేసి మిగిలింది తీసేశారు. వానాకాలం వచ్చేసరికి పట్టీ పీకేసి, తలకి రంగు రుమాలు చుట్టుకుని మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంది.

శిరీషకి ఏమీ కాలేదు. ఒక వెంట్రుక కూడా రాలలేదు. అంకె మాత్రం ఒకరోజు నాలుగు, ఒకరోజు అయిదు, మళ్ళీ నాలుగు. లేవగానే తెర చూసుకునేది. అన్నం కలుపుతూ చూసుకునేది. అయిదు కనిపించిన రోజు కూర రుచి తెలిసేది కాదు. చెల్లెలితో అరకు వెళ్దామనుకుని, అక్కడ అంకె పెరిగితే ఎలా అని మానుకుంది.

ఒకరోజు మొదటిసారి ఆరు వచ్చింది. పడవని లాకుల్లోకి తిప్పుతూ శిరీష ఇంకోసారి మణికట్టు వైపు చూసింది. ఆ చూపు కాస్త ఎక్కువసేపు నిలిచింది. పడవ పక్క గోడకి రాసుకుని అదిరింది. లేచి నిలబడ్డ ఒక పెద్దావిడ పడిపోయి చెయ్యి విరగ్గొట్టుకుంది. మర్నాటి నుంచి శిరీషని స్టీరింగ్ మీంచి తప్పించి టికెట్ల గదిలో కూర్చోబెట్టారు.

ఆమె నేరుగా మాండవి దగ్గరికి వెళ్ళింది.

"దీన్ని కోసెయ్యండి డాక్టర్ గారూ."

"నాలుగుకీ ఆరుకీ తేడా లేదు శిరీష గారూ. అది నిద్రపోతున్న గడ్డ. మీ జన్మలో లేవకపోవచ్చు. దాని కోసం కత్తి పెట్టడం తప్పు."

"అది నిద్రపోతోంది. నేను కదా కాపలా కాస్తున్నది."

మాండవి కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నారు.

"షాహీన్‌కి అరవై రెండొచ్చింది. అవస్థ పడింది, అయిపోయింది. ఇప్పుడు పాటలు పాడుకుంటూ బండి నడుపుతోంది. నాకు నాలుగొచ్చి నా చేతిలో పని పోయింది." శిరీష గొంతు తగ్గించింది. "ఈ అంకె పెరగడానికి ఏదైనా మందుందా అండీ? పెరిగితే వైద్యం చేస్తారుగా."

డాక్టర్ గారు లేచి వచ్చి శిరీష చేతి నుంచి ఆ తెర విప్పేశారు.

"పట్టీ ఉంటుంది. అంకె నా దగ్గరికే వస్తుంది. భయపడాల్సింది ఉంటే నేనే ఫోన్ చేస్తాను. చెయ్యలేదంటే మీరు బాగున్నట్టే. సరేనా?"

"దాచడం మీకు నచ్చదన్నారుగా?"

"నాకు నచ్చదు. మీరు నిద్రపోవాలి కదా."

శిరీష నిద్రపోయింది. కూరల రుచి తెలిసింది. మూడు నెలల తర్వాత స్టీరింగ్ కూడా తిరిగొచ్చింది. ఈ సంగతి విని మిగతా పేషెంట్లూ ఒక్కొక్కరే వచ్చి తమ తెరలు విప్పించుకున్నారు. ఊళ్ళోని అంకెలన్నీ ఇప్పుడు మాండవి ఒక్కరి దగ్గరికే చేరుతున్నాయి.

ఆసుపత్రి రోడ్డు తవ్వేయడంతో ఆవిడ గుణదల రేవులో నీటిబస్సు ఎక్కడం మొదలుపెట్టారు. రెండో రోజు ఎక్కుతూ శిరీషని చూసి నవ్వారు. శిరీష పడవ కదిలించకుండా ఆగింది.

"ఎందుకు నవ్వారు డాక్టర్ గారూ?"

"నవ్వకూడదా?"

"నిన్న నవ్వలేదుగా."

"నిన్న పన్ను నొప్పండీ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. అయినా ఆ మర్నాడు మాండవి నవ్వాలో వద్దో తెలియక, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నారు. దారి పొడుగునా శిరీష అద్దంలో ఆ మొహాన్నే వెతికింది. లాకుల దగ్గర పడవ మళ్ళీ గోడకి కొట్టుకోవడం తృటిలో తప్పింది.

తర్వాతి రోజు ఆవిడ రేవుకి రాలేదు. కాలువ గట్టు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఒక ఆటోలో, హ్యాండ్‌బ్యాగ్ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్న మనిషిని శిరీష గుర్తుపట్టింది.

'పెరిగిందన్నమాట' అనుకుంది.

అంకె ఆ రోజూ నాలుగే. ఆ సంగతి ఆటోలో ఉన్నావిడకి మాత్రమే తెలుసు.