అన్నానికి పిలిచినాను

పది రోజులకు ఇల్లు కావాలంటే షార్జాలో మనిషిని దొంగను చూసినట్టు చూస్తారని నాకు అంతకుముందు తెలియదు. ఏడాదికైతే రమ్మంటారు. నెలకైతే ముఖం చిట్లిస్తారు. పది రోజులనేసరికి "మీ ఆయన ఏడి?" అంటారు. మా ఆయన మార్కాపురంలో సమాధుల తోటలో ఉన్నాడు, లేపుకొని రమ్మంటావా అని ఒకడిని అడిగినాను కూడా. తిమోతి ఆ మాటను హిందీలో చెప్పకుండా మింగేసినాడు.

తిమోతిది మా ఊరే, తర్లుపాడు. షార్జాలో టాక్సీ తోలుతాడు. వరసకు నన్ను చిన్నమ్మా అంటాడు. వరస అంటే రక్తమే కానక్కరలేదు. మా వైపు మనిషికి మనిషి ఎదురైతే ఏదో ఒక వరస పెట్టే పిలుస్తాము. అమ్మా, అక్కా, పెదనాయనా... వరస లేకుండా పిలిస్తే గేదెను అదిలించినట్టు ఉంటుంది.

నేను అంత దూరం పోయింది మా చెల్లెలు రేచల్ కోసం. చిన్నపిల్లల బడిలో ఆయాగా చేసేది. కడుపులో పేగు చిట్లి ఆపరేషన్ అయింది. కంపెనీ గదిలో మంచం మీద మంచం. నిచ్చెన ఎక్కి పడుకోలేని మనిషికి అక్కడ చోటు లేదన్నారు. ఆస్పత్రిలో ఇంక ఉంచుకోలేమన్నారు. జ్వరం పూర్తిగా తగ్గితేనే విమానం ఎక్కనిస్తామని డాక్టరమ్మ చెప్పింది. అందాక దానికి తల మీద ఒక కప్పు, పక్కన ఒక మనిషి కావాలి. పనికి పోదామని ఎప్పుడో తీసిపెట్టుకున్న పాస్‌పోర్టు నాకుంది. చర్చి సంఘమోళ్ళు తలా ఒక చెయ్యి వేస్తే, షెడ్డులో రాతి పలకలకు చట్రాలు బిగించే పని ఆపి బయలుదేరినాను.

మా అమ్మ ఎలీషబా బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అన్నది. "పెద్దదానా, దాన్ని నడిపించుకొని తీసుకురా. పెట్టెలో తేబాక."

ఆమెకు మేము ఇద్దరమే. పెద్దది నేను. చిన్నది రేచల్.

ఎక్కిన మెట్లు ఎక్కకుండా తిరిగి, ఆఖరికి ఒక పాత బిల్డింగులో దొరికింది. ఒక హాలు, వంటగది, రెండు గదులు. అద్దె మిగతావాటిలో సగం. రెండు గదుల్లో ఒకదానికి తాళం.

"ఓనరు సామాను," అన్నాడు వాచ్‌మన్. నా కళ్ళలోకి చూడలేదు.

"సగానికే ఎందుకిస్తున్నాడో అడుగు," అన్నాను తిమోతితో.

"దొరికిందే దేవుడి దయ చిన్నమ్మా. నువ్వు నోరు తెరిస్తే ఇదీ పోతుంది."

కిటికీ తెరిస్తే చేతికి అందేంత దగ్గరలో పక్క బిల్డింగు గోడ. పట్టపగలు లైటు వేసుకోవాల. ఇల్లంతా ఒక వాసన... పాత ఇనుప పెట్టె మూత తీసినప్పుడు వచ్చే వాసన, దాని మీద ఎప్పుడో పూసుకున్న అత్తరు. ఏసీ పాత లారీలా రొద చేసేది. అది ఆగినప్పుడు మాత్రం ఇల్లు నిశ్శబ్దమైపోయేది. మామూలు నిశ్శబ్దం కాదు. ఎవరో ఊపిరి బిగబట్టినట్టు.

మరునాడు మధ్యాహ్నం రేచల్‌కు గంజి తాగించి పడుకోబెట్టినాను. నాకు అన్నం, పప్పు పెట్టుకొని హాల్లో కింద కూర్చున్నాను. ఏసీ ఆగింది.

తాళం వేసిన గదిలో గాజులు కదిలినాయి.

నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. ఆ ఊళ్ళో గదికో సంసారం పెట్టి, ఒకరికి తెలియకుండా ఇంకొకరికి అద్దెకిస్తారని అప్పటికే విని ఉన్నాను. సగం అద్దె ఎందుకో అర్థమైందనుకున్నాను. లోపల ఎవరో పనిమనిషి, మనలాంటిదే, అలికిడి చేస్తే తరిమేస్తారని నక్కి ఉంది. బయట తాళం కూడా వేసిపోయినాడు దరిద్రుడు.

కోపం వాడి మీద. ఆమె మీద కాదు. మా ఇళ్ళలో కంచం ముందు కూర్చున్నాక, ఇంట్లో ఇంకో మనిషి ఉందని తెలిసి, పిలవకుండా ముద్ద నోట్లో పెట్టము. పగవాళ్ళనైనా పిలుస్తాము. వాళ్ళు రాకపోతే అది వేరే సంగతి.

"ఎవరమ్మా లోపల?" అన్నాను. "తెలుగోళ్ళేనా? సిగ్గుపడబాక. అక్కా, రా, అన్నం తిందువు."

చెయ్యి ఆపి చెవి పెట్టినాను. తరువాత... తలుపుకు ఆ పక్క, చాలా కిందుగా, నేల దగ్గర నుంచి ఒక గొంతు.

"నన్నేనా?"

గుసగుస. మన మాటే. మన యాసే.

"నిన్నే. ఇంకెవరున్నారు ఇక్కడ?"

లోపల గడియ తీసిన చప్పుడైంది. బయట తాళం ఉంది కదా, తలుపు రాదు. ఇంకో కంచంలో అన్నం పెట్టి, గడప దగ్గర ఉంచినాను. "ఉండు, తాళం తీయిస్తా," అని వాచ్‌మన్ కోసం కిందికి దిగినాను.

తెలుగులో ఎన్ని తిట్లు తిట్టినానో వాడికి అర్థం కాకపోవడం నా దురదృష్టం. తాళం తిప్పినట్టు సైగ చేస్తే, తాళంచెవి తెచ్చి తీసినాడు. తలుపు జానెడు మాత్రమే తెరుచుకుంది. ఆ వెనక బీరువా. బీరువా మీద మంచాలు, చుట్టిన తివాచీలు, సోఫాలు, పైకప్పు దాకా. పిల్లి దూరే సందు లేదు. నేల మీద బూడిదలాంటి దుమ్ము. ఒక్క అడుగు గుర్తు లేదు.

గడప దగ్గర నేను పెట్టిన కంచం లేదు.

అది లోపల ఉంది. ఆ దుమ్ములో, బీరువా కాలికి ఆనించి. మా ఇళ్ళలో తిన్నాక కడిగి గోడకు ఆనిస్తామే, అట్లనే. అంచు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి...

వాచ్‌మన్ కంచాన్ని చూసినాడు. నన్ను చూసినాడు. "పిలిచినావా?" అన్నాడు. మార్కాపురం దుకాణాల్లో విన్న ఉర్దూతో ఆ మాత్రం అర్థమైంది, ఆ ముక్కల్లోనే బదులు చెప్పినాను.

"అన్నానికి పిలిచినా."

"ఏమని?"

"అక్కా అని."

వాడు తాళంచెవి నేల మీద పారేసి వెళ్ళిపోయినాడు. లిఫ్టు దాకా కూడా ఆగలేదు, మెట్ల మీద పరుగు వినిపించింది.

తిమోతికి ఫోను చేసినాను. ఎవరినో ఎక్కించుకొని దూరం పోయినానన్నాడు, పొద్దు గూకేసరికి వస్తానన్నాడు. అంతలో రేచల్ మూలిగింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఈ జ్వరంతో విమానం లేదు. ఇంకా ముదిరితే... అమ్మ చెప్పిన పెట్టె నా కళ్ళ ముందుకొచ్చింది. తడిగుడ్డ కోసం వంటగదికి పరుగెత్తినాను. గుడ్డ పిండుతుంటే రేచల్ గొంతు వినబడింది. నిద్రలో మాట్లాడినట్టు, తృప్తిగా.

"చెయ్యి తియ్యబాక పెద్దక్కా. చల్లగా ఉంది."

నన్ను అది అక్కా అంటుంది. ఉత్త అక్కా. పెద్దక్క అనడానికి నాకంటే పెద్దది ఎవరున్నారు?

గది గుమ్మంలో నిలబడిపోయినాను. రేచల్ కళ్ళు మూసుకొని ఉంది. తల పక్కన పరుపు కుంగి ఉంది, మనిషి కూర్చున్నంత. నుదుటి మీద వెంట్రుకలు వాటంతట అవే వెనక్కి పోతున్నాయి. మెల్లగా. దువ్వుతున్నట్టు.

మంచం దగ్గరికి పోయి నోరు తెరిచినాను. షెడ్డులో మేస్త్రీలను గేటు దాకా తరిమిన నోరు నాది. పో, అనడానికి నాలుక లేచింది. అప్పుడే నా చెయ్యి రేచల్ పాదానికి తగిలింది.

చల్లగా ఉంది. జ్వరం లేదు.

నోరు మూసుకున్నాను.

పొద్దు గూకాక తిమోతి వస్తే, ఏం లేదులే పొమ్మన్నాను. ఆ తరువాత రోజూ మూడు కంచాలు పెట్టినాను. లోపల తిట్టుకుంటూనే పెట్టినాను. మూడోది ఎప్పుడు ఖాళీ అయ్యేదో చూడలేదు, చూడదలచుకోలేదు. జ్వరం మళ్ళీ రాలేదు. డాక్టరమ్మ కుట్లు చూసి, ఇంత తొందరగా ఆరినాయే అని ఆశ్చర్యపోయి విమానానికి కాగితం ఇచ్చింది.

బయలుదేరే నాడు ఆ తలుపు ముందు నిలబడి దండం పెట్టినాను. "చేసింది చాలు. ఇక్కడికి సరి. మేము పోతున్నాము." పోయొస్తామని అనలేదు. మా వైపు ఎంత అశుభమైనా సరే, పోతున్నామనే అన్నాను. లోపల నుంచి ఏమీ వినబడలేదు. గుండె తేలికపడింది.

టాక్సీలో నేను ముందు కూర్చున్నాను. వెనక సీటంతా రేచల్‌కే. కొంత దూరం పోయినాక తిరిగి చూస్తే, అది డోరుకు అతుక్కొని ముడుచుకొని ఉంది.

"కుట్లు లాగుతాయి, కాళ్ళు చాపుకోవే," అన్నాను.

"చోటేది అక్కా?"

తిమోతి పైన అద్దంలోకి ఒకసారి చూసినాడు. వెంటనే ఆ అద్దాన్ని పైకి తిప్పేసినాడు.

అయినా తెచ్చినాను. నడిపించుకొనే తెచ్చినాను. తర్లుపాడులో బస్సు దిగేసరికి మా అమ్మ రేచల్‌ను పట్టుకొని ఏడ్చింది, స్తోత్రం స్తోత్రం అన్నది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. వీధిలో కోళ్ళు, ఎవరింట్లోనో టీవీ, చర్చిలో పాటలు నేర్చుకుంటున్న ఆడపిల్లల గొంతులు. మన ఎండలో, మన జనంలో ఏదీ నిలవదనుకున్నాను.

అమ్మ వంటింట్లో పళ్ళెం మీద గరిటెతో కొట్టింది, ఎప్పటిలాగే.

"పెద్దదానా! రా, అన్నం చల్లారిపోతోంది."

"వస్తున్నా," అంటూ లేచినాను.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది, చేతిలో కంచంతో. నన్ను చూసి నవ్వింది.

"నిన్ను కాదులే నడిపిదానా. పెద్దదాన్ని. పాపం, దారంతా ఏమీ తినలేదంట."

నా వెనక లోపలి గదిలో గాజులు కదిలినాయి. గడియ తీసిన చప్పుడైంది.

మా లోపలి గదికి తలుపు లేదు. పాత చీర కట్టి ఉంటుంది, అంతే.